ముందు ఎవరి గోడ

టీ కొట్టు షట్టరు పట్టపగలు దభీమని పడింది.

మా సందులో ఆ చప్పుడుకి ఒకటే అర్థం. సందు మొదట్లో కొట్టు నడిపే టీ పిన్నికి పెద్దరోడ్డు మీద నుంచి మళ్ళే ప్రతి బండీ కనబడుతుంది. జీపు గానీ, టేపు పట్టుకున్న మనుషులు గానీ ఇటు తిరిగితే చాలు, మరుగుతున్న టీని పొయ్యి మీదే వదిలేసి షట్టరు లాగేస్తుంది. అది వినగానే ఎవరి ఇంటికి వాళ్ళు బయట నుంచి తాళం వేసుకుని, పిల్లల్ని చంకనేసుకుని, వెనక ఉన్న కాలవ గట్టు మీదికి వెళ్ళిపోవాలి. మనిషి దొరక్కపోతే నోటీసు చేతికివ్వలేరు. చేతికివ్వని నోటీసుతో ఇల్లు కూల్చలేరు. ఇదీ మా సందు చట్టం. అసలు చట్టంలో ఇలా ఉందో లేదో నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఇళ్ళు నిలబడే ఉన్నాయి కాబట్టి ఎవరూ అడగలేదు.

నడవలేనివాళ్ళు మాత్రం లోపలే ఉంటారు. వాళ్ళని లోపల ఉంచే తాళం వేస్తారు. దగ్గకూడదు, గిన్నె కదపకూడదు, "అమ్మా" అని మూలగకూడదు.

ఆ రోజు షట్టరు పడేసరికి మా ఆయన భోజనానికి కూర్చున్నారు. ఆయన గేట్లు, గ్రిల్లులు చేసే షాపులో వెల్డరు. మధ్యాహ్నం ఇంటికొచ్చి తిని వెళ్తారు. ఎంగిలి చెయ్యి సరిగ్గా కడుక్కోకుండానే మేకుకి వేలాడుతున్న తాళం తీశారు.

"పద."

"మీరు పాపని తీసుకెళ్ళండి. నేనుంటాను."

"ఉండి ఏం చేస్తావ్?"

"అత్తయ్యకి నీళ్ళవీ కావాలంటే?"

ఇన్నాళ్ళూ షట్టరు పడినప్పుడల్లా అత్తయ్య ఒక్కతే లోపల ఉంది. నీళ్ళ చెంబు మంచం పక్కనే పెట్టి వెళ్ళేవాళ్ళం. మా ఆయన నా మొహంలోకి చూశారు. ఇనుము ఎక్కడ వంగుతుందో ఆయనకి చూడగానే తెలుస్తుంది గానీ మనుషుల సంగతి అంతగా తెలియదు. ఆ రోజు మాత్రం తెలిసిపోయింది.

"నోరు విప్పకు. నీకు దణ్ణం పెడతాను. సందులో తలెత్తుకు తిరగాలి నేను."

"దణ్ణాలు తర్వాత పెట్టుకుందువు గానీ, ముందు తాళం పెట్టు," అంది అత్తయ్య మంచం మీద నుంచి. "జీపు మలుపు తిరిగింది. వినబడట్లా?"

పాపని భుజానికెత్తుకుని ఆయన బయటికి నడిచారు. తలుపు మూసుకుంది. గొళ్ళెం పడింది. తాళం నొక్కిన చప్పుడు, దాన్ని ఒకసారి లాగి చూసిన చప్పుడు. తర్వాత గట్టు వైపు పరిగెడుతున్న అడుగులు, మా ఒక్క ఇంటివే కాదు, సందు మొత్తంవి. కాసేపటికి అవి కూడా ఆగిపోయాయి. పొయ్యి మీద పప్పో ఏదో మాడుతున్న వాసన ఎవరింట్లోంచో వస్తూ ఉంది. ఆపేవాళ్ళు లేరు.

మాది సందులో చివరి ఇల్లు. మా గోడ పక్కన మనిషి పట్టేంత ఖాళీ, ఆ తర్వాత యూనివర్సిటీ ప్రహరీ. అక్కడితో సందు మూసుకుపోతుంది. ఆ ప్రహరీ అవతలే వాళ్ళ ఆసుపత్రి. వార్డుల్లో దీపాలు మా దాబా మీద నుంచి కనిపిస్తాయి. అత్తయ్యకి పక్షవాతం వచ్చిన పొద్దున ఆ గోడ చుట్టూ తిరిగి, రెండు సిగ్నళ్ళు దాటి, మెయిన్ గేటు దగ్గర వాచ్‌మన్‌కి చెప్పుకుని లోపలికి వెళ్ళేసరికి ఎడమవైపు మొత్తం పడిపోయింది. కాస్త ముందొస్తే బాగుండేదన్నాడు డాక్టరు. మేం గోడకి ఇవతల నుంచే వచ్చామని ఆయనకి ఎలా చెప్పాలో తెలియలేదు.

"కాలూ చెయ్యీ పోయాయి, పోవాల్సిన నోరు మాత్రం అలాగే ఉంది," అని పక్కింటి సున్నం తాత ఆవిడ ఎదురుగానే అంటాడు. వయసులో గోడలకి సున్నం కొట్టిన మనిషి. కొట్టినదంతా గుండెల్లో దాచుకున్నట్టు ఎప్పుడూ దగ్గుతూనే ఉంటాడు. ఇప్పుడు ఆయన కూడా పక్కింట్లో తాళం వెనక ఉన్నాడు. దగ్గు వినబడటం లేదు. ఎలా ఆపుకుంటున్నాడో.

నేను లోపల ఎందుకు ఉండిపోయానో చెప్పాలి.

యూనివర్సిటీ పెరుగుతోంది. కొత్త హాస్టలు, కొత్త ల్యాబులు కట్టాలి, అందుకు మా సందు ఉన్న చోటు కావాలి. ఆ మాట చెప్పడానికి వాళ్ళ హాల్లో మీటింగు పెట్టారు. మా సందు నుంచి వెళ్ళినవాళ్ళం నలుగురమే. కుర్చీలు ఎంత మెత్తగా ఉన్నాయంటే మా మేస్త్రీ వాటిలో కూర్చోలేదు. "కూర్చుంటే ఒప్పుకున్నట్టే," అని చివరిదాకా నిలబడే విన్నాడు. సందుకి పెద్ద ఆయనే. తాపీ పని చేసి సగం ఊరు కట్టిన మనిషి.

మాట్లాడింది ఒక మేడమ్. కళ్ళజోడు, నూలు చీర, మా చెల్లెలి వయసుంటుంది. అక్కడే పాఠాలు చెబుతుందట. మా సందు వ్యవహారం ఆవిడకి అప్పగించారు. ఆవిడ చెప్పింది ఇదీ: సందుని ఊరికే తీసేయరు. అవతల ఖాళీ స్థలంలో ముందు ఇళ్ళు కడతారు. ఇక్కడ కాపురం ఉంటున్న ప్రతి కుటుంబానికీ అందులో ఒక ఇల్లిచ్చి, తాళంచెవి చేతిలో పెట్టాకే పాత ఇంటి జోలికొస్తారు. ఆసుపత్రిలో మాకు చూస్తారు. కట్టేటప్పుడు మా మగవాళ్ళకి పని, కట్టాక ఉద్యోగాల్లో వాటా.

"తాళాలకేం, మా దగ్గర బోలెడున్నాయి," అని మేస్త్రీ గొణిగాడు. మా నలుగురికే వినబడింది.

కానీ ఎవరు కాపురం ఉంటున్నారో లెక్కపెట్టాలి కదా అంది మేడమ్. మూడుసార్లు వస్తారు. మూడుసార్లూ తాళమే ఉంటే ఖాళీ ఇల్లని అడ్డగీతలు గీస్తారు. ఖాళీ ఇంటికి బదులు ఇల్లు ఉండదు.

నేను లేచి నిలబడ్డాను. మైకు చేతికిచ్చారు. దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను.

"మా అత్తగారు ఒక మాట అడిగి రమ్మన్నారండీ. ముందు ఎవరి గోడ పడుతుంది అని."

హాల్లో ఎవరో నవ్వారు. మేడమ్ నవ్వలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"మాది," అంది. "మీ సందు చివర గోడ కొట్టి గేటు పెడతాం. అది చేశాకే మిగతాది."

ఇంటికొచ్చి చెప్పాను. అత్తయ్య ప్రహరీ వైపు తల తిప్పి పడుకుంది. మేస్త్రీ మాత్రం సందులో అందర్నీ కూర్చోబెట్టి, "లెక్కపెట్టేది ఇవ్వడానికి కాదు, ఎన్ని లారీలు కావాలో చూసుకోవడానికి," అన్నాడు. అందరూ తలూపారు. మొదటిసారి వచ్చినప్పుడు తాళాలు. రెండోసారీ తాళాలే. నేనూ గట్టు మీద నిలబడి మా ఇంటిని దూరం నుంచి చూశాను, అది ఎవరిదో అన్నట్టు.

ఇది మూడోసారి.

జీపు ఆగింది. తలుపులు పడ్డాయి. కిటికీ రెక్కకి వేలు పట్టేంత పగులుంది. దానికి కన్ను ఆనించాను.

ముగ్గురు. మేడమ్. చేతికి గడియారం, చొక్కా జేబులో రెండు పెన్నులు ఉన్న ఒక పెద్దమనిషి. పోయినసారి లోపల ఉండి అతని మాటలు విన్న ముసలోళ్ళు అతనికి రూల్సు సారు అని పేరు పెట్టారు. వెనకాల పెయింటు డబ్బా పట్టుకున్న పనివాడు. డబ్బా పిడి నడుస్తుంటే కిర్రుమంటోంది.

"తాళం," అన్నాడు రూల్సు సారు. "అడ్డగీతలు గియ్."

"ఒక్క నిమిషం," అంది మేడమ్. "తీగ మీద బట్టలున్నాయి. నీళ్ళు కారుతున్నాయి చూడండి."

"బట్టలు మనుషులు కావు మేడమ్. ఎవరో ఒకరు కనబడాలి. పలకాలి. ఇంకో పది చోట్లకి సమాధానం చెప్పుకోవాలి నేను."

"వంట వాసనొస్తోంది."

"పలకమనండి మరి, ఆ వాసనని."

బ్రష్షు చెక్క మీద రాసుకుంటున్న చప్పుడు సందంతా వినబడింది. ఒక గీత, దానికి అడ్డంగా ఇంకో గీత. తర్వాత అడుగులు. మళ్ళీ బ్రష్షు. మా వైపుకే వస్తున్నాయి.

నేను కిటికీ గడియ మీద చెయ్యి వేశాను. వెనక నుంచి అత్తయ్య కుడిచెయ్యి నా మణికట్టుని పట్టుకుంది. పడిపోయిన సగం శరీరంలోని బలం కూడా అందులోకే పోయిందేమో, గాజులు ఎముకకి గుచ్చుకున్నాయి.

"వద్దు," అంది గుసగుసగా.

"అత్తయ్యా, గీతలు గీసేస్తున్నారు."

"గియ్యనీ. గీతలకి గోడలు పడవు."

"ఇల్లు రాదు మనకి."

"వచ్చే ఇల్లు నువ్వు చూశావా? ఉన్న ఇల్లు నేను చూస్తున్నా." ఊపిరి కోసం ఆగింది. "ఇక్కడికి రాకముందు ఉన్న ఆ పాత చోట నీ మొగుణ్ణి చంకనెత్తుకుని నేనే ఎదురెళ్ళానే. ఎవరుంటారమ్మా ఇక్కడ అనడిగారు. నేనూ, మా ఆయనా, వీడూ అని గొప్పగా చెప్పాను. ఎండన పడి వచ్చారని మంచినీళ్ళు కూడా ఇచ్చాను. తాగి, నా తలుపు మీద నంబరు వేసి, నవ్వుతూ వెళ్ళారు. మళ్ళీ వచ్చినప్పుడు ఆ నంబరు చూసుకునే కూల్చారు. ఆ గ్లాసు కూడా ఇంట్లోనే ఉండిపోయింది."

ఈ కథ సందులో అందరికీ తెలుసు. తాళాల పద్ధతి పుట్టింది అందులోంచే, పెట్టింది అత్తయ్యే. కానీ ఆ గ్లాసు మాట మాత్రం నాకు ఆవిడ మొదటిసారి చెప్పింది.

బ్రష్షు సున్నం తాత తలుపు దగ్గరికి వచ్చింది. మా రెండిళ్ళకీ మధ్య ఒంటి ఇటుక గోడ. అవతల ఆయన నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు ఒక చిన్న మూలుగు. బ్రష్షు ఆగింది.

"పిల్లి అయ్యుంటుంది," అన్నాడు రూల్సు సారు. "కానియ్."

ఒక గీత. ఇంకో గీత.

నేను పలికి, ఇది కూడా ఆ పాత చోటు లాంటిదే అయితే? సందు మొత్తానికి దారి చూపించిన దాన్ని నేనవుతాను. పలకకపోతే, వాళ్ళు చెప్పింది నిజమే అయితే? ఈ మంచాన్ని, కుట్టు మిషన్ని, పాపని తీసుకుని ఎక్కడికి పోతాం? ఎటు చూసినా భయమే. దేనికి తక్కువ భయపడాలో తెలియలేదు.

అడుగులు మా గుమ్మం ముందు ఆగాయి. తలుపు కింద ఖాళీలోంచి వస్తున్న వెలుతురులో నీడలు పడ్డాయి.

"ఇది ఆ అమ్మాయి ఇల్లనుకుంటా," అంది మేడమ్ గొంతు. చాలా దగ్గరగా ఉంది. "మీటింగులో గోడ గురించి అడిగిందే, ఆవిడ. ఈవిడ కూడా వెళ్ళిపోయిందా?"

"భయం మేడమ్. ఎవరికుండదు?" అన్నది రూల్సు సారు కాదు. పెయింటు పట్టుకున్న మనిషి.

"నువ్వు గియ్యి," అన్నాడు రూల్సు సారు.

అత్తయ్య పట్టు కాస్త సడలింది. "ఆవిడేనా? మాదే ముందు అన్నది?"

"ఆవిడే."

"చెప్పేటప్పుడు నవ్విందా?"

"లేదు."

బ్రష్షు మా తలుపుని తాకింది. చెక్క మీద వెంట్రుకలు జరుగుతుంటే ఆ చప్పుడు నా వీపు మీద పాకినట్టయింది. మొదటి గీత పైనుంచి కిందికి దిగుతోంది.

అత్తయ్య నా చెయ్యి వదిలేసింది.

"మొహం చూపించకు. మాట్లాడకు," అంది. "మిషను తొక్కు."

కుట్టు మిషను మంచానికి ఎదురుగానే ఉంది. ఒకప్పుడు అత్తయ్యది, ఇప్పుడు నాది. హాస్టలు పిల్లలకి ప్యాంట్లు కురచ చేయడం, జిప్పులు మార్చడం దాని మీదే. బట్ట పెట్టడానికి వేళ్ళు ఆడలేదు. ఉత్త మిషన్నే తొక్కాను. దారం సూదిలోంచి ఊడి చుట్టుకుపోయింది. అయినా తొక్కాను. ఆ చీకటి గదిలో అది రైలంత చప్పుడు చేసింది.

బ్రష్షు ఆగిపోయింది.

"లోపల ఎవరు?" అన్నాడు రూల్సు సారు.

నేను తొక్కుతూనే ఉన్నాను.

"అమ్మా, లోపల ఎవరైనా ఉన్నారా?" మేడమ్ తలుపుకి మొహం ఆనించినట్టుంది. "బయట తాళం వేసుంది. మిమ్మల్ని ఎవరైనా లోపల పెట్టి తాళం వేశారా?"

రూల్సు సారు గొంతు మారింది. "బంధించారేమో మేడమ్. ఇదేదో వేరే వ్యవహారం. పోలీసులకి ఫోన్ చేద్దాం."

నా పాదం పెడల్ మీద బిగుసుకుపోయింది. పోలీసులు వస్తే తాళం వేసిన మనిషి ఎవరంటారు. తాళంచెవి మా ఆయన జేబులో ఉంది.

"బంధించలేదండీ!" కిటికీ దగ్గరికి పరిగెత్తి అరిచాను. "మేమే వేసుకున్నాం!"

"బయట నుంచి ఎలా వేసుకుంటారమ్మా?"

"మా ఆయన వేశారు. వేయమంటేనే వేశారు. మీరు వస్తున్నారని."

రూల్సు సారు ఏదో అనబోయాడు. మేడమ్ చెయ్యి అడ్డుపెట్టడం పగుల్లోంచి కనిపించింది. గడియ తీసి కిటికీ రెక్క తెరిచాను. ఎండ కళ్ళల్లో పడింది. ఊచల అవతల మేడమ్ మొహం. ఆవిడ కూడా భయపడి ఉంది. అది చూశాక నా భయం తగ్గాలి గదా, ఇంకా పెరిగింది. మా ఇల్లు ఎవరి మాట మీద ఆధారపడిందో ఆ మనిషికే భయంగా ఉంటే ఇంక మాకెవరు దిక్కు?

"మీరు ఒక్కరేనా లోపల?" అంది.

"మా అత్తగారున్నారు. నడవలేరు."

ఆవిడ సందులోకి చూసింది. వరసగా తాళాలు, వరసగా తడి గీతలు. మళ్ళీ నా వైపు తిరిగింది. మెల్లగా అడిగింది.

"మిగతా ఇళ్ళల్లో?"

నాకు తెలుసు. ఏ తాళం వెనక ఎవరున్నారో అందరి పేరూ తెలుసు. చెప్పాల్సింది ఒక్క మాట. అది నా ఇంటి మాట కాదు. మేస్త్రీ వాళ్ళ నాన్న ఉన్నాడు లోపల, టీ పిన్ని వాళ్ళ పెద్దమ్మాయి ఉంది, పచ్చి బాలింత. వెనక్కి తిరిగి అత్తయ్యని చూశాను.

అత్తయ్య కళ్ళు మూసుకుని ఉంది. తెరిచింది. మధ్యగోడ వైపు తల తిప్పి, సందు చివర నుంచి మొదటిదాకా వినబడే గొంతుతో అరిచింది.

"ఏమయ్యా సున్నం! ఆపుకున్నది చాలు, చస్తావ్! దగ్గు!"

అవతల దగ్గు మొదలైంది. ఎంతసేపు బిగబట్టాడో, ఒకదాని మీద ఒకటి, గోడ అదిరేలా దగ్గాడు. మధ్యలో, "నీ నోరు... పాడుగాను... ముందే చెప్పొచ్చుగా," అని కూడా అన్నాడు.

పెయింటు మనిషి వెనక్కి గెంతాడు, పెయింటు నేల మీద ఒలికింది.

"ముసలోళ్ళందరూ వినండి!" అత్తయ్య మళ్ళీ అరిచింది. "నేనే చెబుతున్నా! చప్పుడు చెయ్యండి!"

ఎక్కడో ఒక కంచం మీద గరిటె తగిలింది, ఒక్కసారి, భయంభయంగా. ఎదురు వరసలో చేతికర్ర తలుపుని కొట్టింది. పసిపిల్ల ఏడుపు వినిపించింది, అప్పటిదాకా రొమ్ము నోట్లో పెట్టి ఆపినట్టున్నారు. ఒక ఇంట్లోంచి మంచం కోడు నేలకేసి కొడుతున్న చప్పుడు. సందులో మా మనిషి ఒక్కడూ లేడు. అన్ని తలుపులకీ తాళాలే. ఆ తాళాల వెనక నుంచి చప్పుళ్ళు, ఒకటి ఆగితే ఇంకొకటి. మేడమ్ నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది.

రూల్సు సారు జేబులోంచి పెన్ను తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"పలికారుగా," అంది మేడమ్.

"పలికారు," అన్నాడు. "గీతలు తుడిచి నంబర్లు వెయ్."

*

గట్టు మీద నుంచి మా వాళ్ళు తిరిగొచ్చేసరికి ప్రతి తలుపు మీదా తడి నంబరుంది. కింద తుడిచిన అడ్డగీతల మరకలు.

మేస్త్రీ సందు మధ్యలో నిలబడ్డాడు. ఆయనకి కోపం వస్తే గొంతు పెద్దది కాదు, చిన్నదవుతుంది.

"ముందు నోరు విప్పింది ఎవరు?"

మా ఆయన తాళం తీస్తున్నారు. తాళంచెవి తలకిందులుగా పెడుతున్నారు. నేను చెప్పబోయాను. అత్తయ్య లోపల నుంచి అందుకుంది.

"నేను."

"నువ్వా అక్కా? ఈ పద్ధతి పెట్టిందే నువ్వు కదా!"

"పెట్టినదాన్ని తీయకూడదా తమ్ముడూ?"

"రేపు బుల్డోజరు వస్తే?"

"వస్తే ముందు నా ఇల్లే. సందు చివర, వాళ్ళ గోడ పక్కన ఉన్నది నేనేగా. నేను పోయాకే నువ్వు."

మేస్త్రీ మా తలుపు మీద నంబరు వైపు చూసి, ఉమ్మేసి వెళ్ళిపోయాడు. ఆ ఉమ్ము గుమ్మం మీద పడకపోయినా నేను నీళ్ళు తెచ్చి కడిగాను.

ఆ తర్వాత సందు మాతో మాట్లాడటం మానేసింది. కుట్టడానికి బట్టలు హాస్టలు నుంచి వచ్చేవి గానీ సందు నుంచి రాలేదు. టీ పిన్ని నాకు టీ పోసింది, గ్లాసు మాత్రం చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది. "మా పెద్దది బయటపడేలా చేశావు, ఏమన్నా జరిగితే నీదే పూచీ," అంది. పాపతో ఆడటానికి ఎవరూ రాలేదు. మా ఆయన ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ గోడని అరచేత్తో తడిమి చూసేవారు, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. "నువ్వు మంచికే చేశావు," అన్నారొకసారి. ఆ మాట అంటున్నప్పుడు కూడా నా మొహం చూడలేదు.

సున్నం తాత ఒక్కడే మామూలుగా ఉన్నాడు. "కూలిస్తే కూలుస్తారు. ఆ రోజు దగ్గిన దగ్గు మాత్రం జన్మకి మర్చిపోను. అంత హాయిగా ఎప్పుడూ లేదు," అన్నాడు.

యూనివర్సిటీ వైపు నుంచి ఏ కబురూ లేదు. మేడమ్ రాలేదు. రోజులు గడిచేకొద్దీ నంబరు మీద పెయింటు ఎండి ఇంకా ఎర్రగా కనబడేది. గుమ్మం దాటినప్పుడల్లా దాన్ని చూడకుండా ఉండటానికి తల వంచుకునేదాన్ని.

ఒక పొద్దున, పాపకి జడ వేస్తుంటే, షట్టరు పడింది.

వెనకే చప్పుడు. జీపుది కాదు. నేల కింద నుంచి వస్తున్నట్టు, గిన్నెలన్నీ సన్నగా మోగేలా. మా ఆయన గుమ్మంలోకి వెళ్ళి చూసి వెనక్కి వచ్చారు.

"పొక్లెయిన్," అన్నారు. "సందులోకి తిరిగింది."

మేకు మీద నుంచి తాళం తీసి చేతిలో పట్టుకున్నారు. పాప జడ సగంలో ఆగింది. బయట పరుగులు, ఏడుపులు, తాళాలు నొక్కుతున్న చప్పుళ్ళు. మేస్త్రీ అరుపు: "చెప్పానా! చెప్పానా!"

"అమ్మా, నిన్ను ఎత్తుకుంటాను. పద," అన్నారు మా ఆయన.

"ఎక్కడికి?"

"గట్టు మీదికి."

"నేను రాను. తాళం అక్కడ పెట్టు."

"అమ్మా!"

"తలుపు తెరిచి ఉంచరా. ఆవిడ నా కోడలికి మాటిచ్చింది. ఆ మాట ఏమవుతుందో నేను చూడాలి. మూసిన తలుపు వెనక నుంచి ఒకసారి విన్నాను, చాలు."

పాపని ఎత్తుకుని పొమ్మన్నాను ఆయన్ని. ఆయన పాపని ఎత్తుకున్నారు. పోలేదు. మేం నలుగురం ఆ తెరిచిన తలుపులోంచి చూస్తూ ఉండిపోయాం.

అది పసుప్పచ్చగా, సందుని రెండు వైపులా రాసుకుంటున్నట్టు వచ్చింది. చూరులు తప్పించుకుంటూ, తీగల మీద బట్టలు తలకి తగిలించుకుంటూ. ఒక్కో ఇంటి ముందూ ఆగుతుందేమోనని చూశాం. ఆగలేదు. టీ కొట్టు దాటింది. మేస్త్రీ ఇల్లు దాటింది. సున్నం తాత ఇల్లు కూడా దాటింది. మా ఇంటి ముందు ఆగింది.

డ్రైవరు మమ్మల్ని చూశాడు. బీడీ పారేసి లివరు లాగాడు. ఇనప పళ్ళ చెయ్యి పైకి లేచి మా దాబా అంచు మీదుగా తిరిగింది. దాని నీడ గుమ్మంలోంచి లోపలికి వచ్చి అత్తయ్య దుప్పటి మీద పడింది.

నేను కళ్ళు మూసుకున్నాను. అత్తయ్య చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాను.

ఇటుకలు కూలిన చప్పుడు. ఒకటి కాదు, రాశి. కాళ్ళ కింద నేల ఎగిరింది. మిషను మీద కత్తెర కింద పడింది. దుమ్ము లోపలికి కొట్టింది, నోట్లోకి, ముక్కులోకి. పాప ఏడుస్తోంది. ఎక్కడ ఏడుస్తోందో కనిపించలేదు.

"ఎవరిది?" అంది అత్తయ్య.

నాకు తెలియలేదు. లేచాను. కళ్ళు తెరిచినా పసుపు దుమ్మే. చెయ్యి చాపుకుంటూ నడిచాను. వేళ్ళకి మా గోడ తగిలింది. ఉంది. సన్నగా వణుకుతోంది, కానీ ఉంది. దాన్ని పట్టుకునే గుమ్మం దాటి పక్కకి తిరిగాను. ఎప్పుడూ నీడగా ఉండే ఆ ఇరుకు చోట ఎండ పడుతోంది. దుమ్ము మెల్లగా కిందికి దిగింది. ప్రహరీలో పెద్ద కన్నం. అందులోంచి ఒక చెట్టు, యంత్రం పట్టనంత సన్నటి కాలిబాట, తెల్లటి ఆసుపత్రి గోడ. కన్నానికి అవతల రాళ్ళ మీద కాలు జారకుండా చూసుకుంటూ మేడమ్ నిలబడి ఉంది. కళ్ళజోడు నిండా దుమ్ము.

నా వెనక సందులో ఒక తాళం తీస్తున్న చప్పుడు వినబడింది. ఇంకొకటి.

"ఎవరిదే?" అత్తయ్య మళ్ళీ అరిచింది.

"వాళ్ళది అత్తయ్యా!"

"మొత్తమా?"

"గేటంత."

లోపల అత్తయ్య దుమ్ముకి దగ్గింది. తర్వాత కొడుకుతో అంటోంది, కాస్త తగ్గించిన గొంతుతో.

"ఆ తాళం పారేయకురోయ్. ఇంకా ఇల్లివ్వలేదుగా. మేకుకే తగిలించు."